మొదటి ఉతుకు

నిజామాబాద్,
2 డిసెంబరు 1970.

అక్కకు,

స్టవ్ మీద తాను వండుకున్న అన్నం తానే తిని ఇంకా బతికి ఉన్న తమ్ముడు రాజేశ్వర్ చేసుకునే విన్నపం.

నీ కార్డు అందింది. "ఉతికే జంపఖానా ఒకటి కొనాలని ఉంది, కొనాలో వద్దో చూసి రాయి తమ్మీ" అని ఒక్క వాక్యంలో అడిగావు. ఇంత గంభీరమైన సమస్యను బీ.ఏ. చివరి సంవత్సరం వెలగబెడుతున్న నా వంటి మేధావికి అప్పగించడం నీ దూరదృష్టికి నిదర్శనం. వెంటనే ఒక విచారణ సంఘం వేశాను. అధ్యక్షుణ్ణి నేనే. సభ్యుడు అయ్యూబ్. వాడి గురించి ప్రతి ఉత్తరంలోనూ రాస్తూనే ఉన్నాను కదా. నా క్లాసువాడు, చదువుకోవడానికి రోజూ నా గదికి వస్తాడు, నేను వండినదాన్ని నాతో పాటు ఒకే కంచంలో తినగల ధైర్యం నిజామాబాద్ మొత్తంలో వాడొక్కడికే ఉంది. వాళ్ళ నాన్న ఇషాక్ చాచా ఇంట్లోనే మగ్గం మీద నూలు జంపఖానాలు నేస్తాడు. సభ్యుడి నియామకంలో పక్షపాతం ఉందేమోనని అధ్యక్షుడు తనను తాను నిలదీసి, లేదని తేల్చుకున్నాడు.

ఇక విచారణ. బోధన్‌లో ఈపాటికి చెరుకు ఆడించడం మొదలై ఉంటుంది. ఫ్యాక్టరీ చిమ్నీ మీ క్వార్టర్ల మీద నల్లటి మసి రాలుస్తూ ఉంటుంది. పోయినేడు మీ ఇంట్లో తెల్ల లాల్చీ ఆరేసి, సాయంత్రానికి చుక్కల లాల్చీ తొడుక్కున్నవాణ్ణి, నాకు తెలియదా. నీ చిన్నది ఇప్పుడు పాకుతోంది కనుక ఆ మసి దాని అరచేతులకు అంటి, అక్కడి నుంచి నోట్లోకి పోతుంది. ముందు గదిలో పరిచిన ఉన్ని గలీచా మాత్రం ఎంత మసి పడ్డా పీల్చుకుని, ఏమీ ఎరగనట్టు పడి ఉంటుంది. ఆ గలీచాను ఎప్పుడైనా ఉతికారా అని బావను అప్పట్లో అడిగితే, "మా నాయిన తెచ్చిన్నాటి సంది దానికి నీళ్ళంటే తెల్వయి" అన్నాడు, అదేదో వ్రతమైనట్టు. ఈ మాట చెప్పగానే నేతగాడి కొడుకైన సభ్యుడు దిగ్భ్రాంతి చెంది చాయ గ్లాసు కింద పెట్టాడు. అధ్యక్షుడు కూడా దిగ్భ్రాంతి చెందాడు గాని చాయ తాగడం ఆపలేదు.

మీ అత్త హన్మవ్వగారి వాంగ్మూలం లేకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. సేకరించి పంపు.

నీ తమ్ముడు,
రాజేశ్వర్


బోధన్,
7 డిసెంబరు 1970.

తమ్మీ,

ఈ కాగితం మీద నల్ల చుక్కలు చూసి అక్కకు సిరా కారే పెన్ను ఉందనుకోకు. కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను, అంతే. దీవెనలు కూడా మసితోనే అందుకో.

అత్త వాంగ్మూలం అడిగావు. రాత్రి వంట చేస్తూ మెల్లగా మాట కదిపాను. చిన్నది మసి తింటోంది, ఉతికేదైతే బాగుంటుంది అన్నాను. అత్త పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత అంది, "ఉతికేది పరిస్తే ఎవ్వడువడితే వాడు తొక్కుతడు. గలీచా ఉంటే మనిషి దాన్ని సూసి గడపల్నే ఆగుతడు. ఆపే పని మనకుండదు."

నువ్వు ఉత్తరంలో దిగ్భ్రాంతి అని రాస్తావు చూడు, అది నాకు పొయ్యి ముందు అయింది. మీ బావ ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాంటా దగ్గర పని చేస్తాడు కనుక చెరుకు బండ్లవాళ్ళూ రైతులూ ఏదో ఒకటి అడగడానికి ఇంటికి వస్తూ ఉంటారు. అందరూ గడప బయట చెప్పుల పక్కన కూర్చుని మాట్లాడి పోతారు. తమ కాళ్ళ మట్టికి తామే మొహమాటపడుతున్నారని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. మొన్న భోజన్న అని ఒక ముసలి రైతు గడపలో నుంచే గలీచాను చూస్తూ, "మీ ఇంటికి కుక్క అక్కెర లేదు బిడ్డా, గిది సాలు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయనకు తెలిసింది, నాకు తెలియలేదు.

అందుకే నాకు ఉతికేది కావాలి. చిన్నదాని కోసం ఒకటి. రెండోది, నువ్వు ఎప్పుడూ అయ్యూబ్, అయ్యూబ్ అని రాస్తావు. రేపు ఆ పిల్లగాడు నీతో వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి, గడపలోనా? మసి పడితే ఉతుక్కుంటాం. మట్టి పడితే ఉతుక్కుంటాం. వచ్చినవాళ్ళు లోపలికి వచ్చి కూర్చుంటారు. నేను ఏడో తరగతి దాకానే చదివినా ఇంత మాత్రం నాకు తెలుసు.

అయితే నిజంగా ఉతుకుకు నిలుస్తుందా, రంగు పోతుందా, అవి వాళ్ళు చెప్పింది విని కాదు, కళ్ళతో చూసి రాయి.

అక్క,
గంగుబాయి


నిజామాబాద్,
13 డిసెంబరు 1970.

గడపలో కుక్కగా పని చేసే గలీచా గల ఇంటి కోడలికి, ఆ ఇంట్లో గలీచా మీదే కూర్చుని బోలెడన్ని అప్పాలు తిన్న తమ్ముడు సిగ్గుపడుతూ వ్రాయునది.

కళ్ళతో చూశాను. చేతులతో కూడా చూశాను. గురువారం ఇషాక్ చాచా ఇంటికి ఆయుధాలతో వెళ్ళాను. ఒక పొట్లంలో బొగ్గు మసి, ఒక సీసాలో బెల్లం పాకం, మూడో పొట్లంలో మన వేల్పూరు పసుపు. పసుపును బ్రహ్మాస్త్రంగా దాచుకున్నాను. పసుపు రైతు కొడుకుగా దాని పట్టుదల నాకు తెలుసు, నా పెండ్లి చొక్కాల మరకలే సాక్ష్యం. పెండ్లి నాది కాదు, చొక్కాలు నావి.

చాచా తన ఇంట్లో పదేళ్ళుగా తొక్కుతున్న జంపఖానా ఒకటి తెచ్చి నా ముందు వేశాడు. మసి చల్లాను. పాకం పోశాను. అయ్యూబ్ చేత తొక్కించాను. వాడు తొక్కుతూ, పరిశోధన అంటే ఇంత తీపిగా ఉంటుందని తెలియక ఇన్నాళ్ళూ చరిత్ర చదివానని వాపోయాడు. చాచా దాన్ని నల్లా కింద పడేసి, రెండు బాదులు బాది, ఒక పిండు పిండాడు. మసీ లేదు, పాకమూ లేదు. అప్పుడు పసుపు తీశాను. చాచా బట్ట మీద అది పడటం చూసి, ఉతికి, పచ్చటి మచ్చతోనే ఎండలో వేశాడు. నేను గెలిచానని చంకలు గుద్దుకున్నాను. రెండు రోజుల తర్వాత పోయి చూస్తే మచ్చ లేదు. "పసుపును ఎండ తింటది బేటా. మీరు పండిస్తరు, గంతే. మీకేం తెల్సు" అన్నాడు. మూడు తరాలుగా పసుపు పండించే వంశం ఆ వాకిట్లో నిర్ఘాంతపోయింది.

తీర్పు: కొనవచ్చు. కొనాలి. ధర సంగతి బావా చాచా మాట్లాడుకుంటారు, అది సంఘం పరిధిలోకి రాదు. మీ కోసం ఎర్ర చారలు, తెల్ల చారలు వేసి కొత్తది సిద్ధం చేశాడు. ఒక షరతు మాత్రం మూడుసార్లు నాతో అప్పజెప్పించుకున్నాడు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను: "మొదలు ఎనిమిది రోజులు తొక్కనియ్యాలె, నీళ్ళు తాకియ్యొద్దు. తర్వాత తొట్టిల దొడ్డుప్పు ఏసి ఒక పూట నానవెట్టాలె. మొదటి ఉతుకు ఉప్పు నీళ్ళల్లనే. గది తప్పితే ఎర్రది తెల్లదాంట్లకు నడుస్తది. ఎనక నేను గూడ ఏం జెయ్యలేను." ఒక్కసారి ఉప్పు నీళ్ళు తాగితే ఇక ఎప్పుడైనా, ఎట్లాగైనా ఉతుక్కోవచ్చట.

అయ్యూబ్ మేనత్త సాలేహా బోధన్‌లోనే ఉంటుంది. వచ్చే శనివారం వాడు ఆమె ఇంటికి వస్తున్నాడు. జంపఖానాను వాడే బస్సు మీద వేసుకొచ్చి ఇస్తాడు. నాకు పరీక్షలున్నాయి, రాలేను. వాడికి జొన్నరొట్టె, పండుమిరప తొక్కు అంటే ప్రాణం. వాణ్ణి గడపలో కూర్చోబెట్టే పని ఇక లేదు కనుక, జంపఖానా మీద మొట్టమొదట కూర్చునే గౌరవం నేసినవాడి కొడుక్కే ఇవ్వు.

రాజేశ్వర్,
అధ్యక్షుడు (సంఘం రద్దయింది)


బోధన్,
22 డిసెంబరు 1970.

తమ్మీ,

జంపఖానా చేరింది. బాగుంది. శనివారం పొద్దున అయ్యూబ్ తేగానే పరిచాం. గలీచాను చుట్టి మీ బావ అటక మీద వేశాడు. అత్త ఏమీ అనలేదు.

అయ్యూబ్ తిన్నాడు. చిన్నదాన్ని ఎత్తుకున్నాడు. మంచి పిల్లగాడు.

ఇక్కడ చలి బాగా ఉంది. అయ్యూబ్ దగ్గర మఫ్లర్ ఉందా?

అక్క


నిజామాబాద్,
27 డిసెంబరు 1970.

అక్కకు,

మసి, పాకం, పసుపు అన్నిటినీ ఎదిరించిన ఒక మహత్తర వస్త్రం నీ ఇంటికి చేరితే, దాని మీద నువ్వు రాసింది "బాగుంది" అని ఒకే ఒక్క మాట. పోస్టుమాన్ మధ్యలో ఒక కాగితం కాజేశాడేమోనని కవరు తిరగేసి దులిపాను. మసి మాత్రం రాలింది.

నీ ప్రశ్నకు జవాబు: మఫ్లర్ ఉంది. బూడిద రంగుది, వాళ్ళమ్మ అల్లింది. శనివారం బోధన్‌కు అదే కట్టుకుని బయలుదేరాడు, సోమవారం కాలేజీకి అదే కట్టుకుని వచ్చాడు. మనిషి కంటే మఫ్లర్ గురించి నీకెందుకు బెంగ పట్టుకుందో అర్థం కాలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. సోమవారం నుంచి అయ్యూబ్ గదికి వస్తున్నాడు గాని మంచం మీద కూర్చోవడం లేదు. తలుపు దగ్గర స్టూలు వేసుకుంటున్నాడు. లోపలికి రారా అంటే "గిక్కడ గాలి మంచిగున్నది" అంటాడు. డిసెంబరులో గాలి. అన్నం పెడితే ఇంట్లో తినొచ్చానంటాడు. వాళ్ళింట్లో ఒంటిగంటకు గాని తినరు, అప్పటికి నా గడియారంలో పన్నెండు. మొన్న దాహమేస్తే నా కూజా వదిలి వీధి నల్లా దగ్గరికి పోయి దోసిలి పట్టాడు. అది చూసి నేను జోకు వేద్దామని నోరు తెరిచి, ఏం జోకు వెయ్యాలో తెలియక మళ్ళీ మూసుకున్నాను. నా జీవితంలో ఇది మొదటిసారి.

బోధన్‌లో ఏమైందిరా అంటే "మీ అక్క మంచిగ సూసుకున్నది" అని, పుస్తకంలోకి తల దూర్చాడు. పుస్తకం తలకిందులుగా ఉందని చెబితే నవ్వలేదు కూడా.

నాకు ఒక్కరి మీదే అనుమానం. హన్మవ్వత్త వాణ్ణేమన్నా అన్నదా? నిజం రాయి. వాడు లేకుండా నాకు పరీక్షలే కాదు, పొద్దు కూడా గడవదు.

రాజేశ్వర్


బోధన్,
2 జనవరి 1971.

తమ్మీ,

అత్తను అనకు. అత్త ఒక్క మాట అనలేదు.

ఆ రోజు ఏం జరిగిందో రాస్తాను. అతను వచ్చాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. జంపఖానా మీద కూర్చోబెట్టి రొట్టెలు పెట్టాను. నాలుగు తిన్నాడు, తొక్కు మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. చిన్నది అతని మఫ్లర్ పట్టుకుని గుంజుతుంటే విప్పి పడసాల కొయ్యకు తగిలించాడు. నీ మీద నాలుగు చాడీలు చెప్పాడు, బాగా నవ్వాం. పోయి వస్తానక్కా అని పోయాడు.

అతను పోయిన తర్వాత నేను జంపఖానా ఉతికాను.

ఇంటి పక్క నల్లా దగ్గర ఉతుకుతున్నాను. పడసాలలో నుంచి చూస్తే అది కనిపిస్తుంది. ఉతకడం అయ్యాక వచ్చి చూస్తే కొయ్యకు మఫ్లర్ లేదు. దారిలో గుర్తొచ్చి వెనక్కి వచ్చి తీసుకుపోయి ఉంటాడు. నన్ను పిలవలేదు.

ఇంతకు మించి నన్నడగకు.

అక్క


నిజామాబాద్,
6 జనవరి 1971.

ఉత్తపుణ్యానికి కుమిలిపోతున్న అక్కకు, కేసు ఛేదించిన తమ్ముడు కాలర్ ఎగరేసి వ్రాయునది.

ఇంతేనా. నీ ఉత్తరం చదివి ముందు నా గుండె ఆగింది. తర్వాత నా బుర్ర పని చేసింది, ఈ రెండూ ఎప్పుడూ ఒకేసారి జరగవు. అక్కా, మొదటి ఉతుకు ఉప్పు నీళ్ళలో చెయ్యమని ఇషాక్ చాచా స్వయంగా చెప్పలేదా? నేను స్వయంగా రాయలేదా? నువ్వు ఆ పనే చేశావు. కొత్త వస్తువు చేతికి రాగానే అత్యుత్సాహంతో ఆ రోజే చేశావు. ఈ పిచ్చివాడు మఫ్లర్ కోసం వచ్చి, చూసి, తాను కూర్చున్నందుకే కడుగుతున్నావని అనుకుని ఉంటాడు. పాపం వాడి తప్పు కూడా లేదు.

వెంటనే వాణ్ణి పట్టుకుని చెప్పాను. "ఒరే, అది ఉప్పు నీళ్ళ ఉతుకురా, మీ అబ్బ చెప్పిన వైద్యమే" అన్నాను. వాడు స్టూలు మీద కూర్చుని విన్నాడు. మఫ్లర్ విప్పాడు, మళ్ళీ కట్టుకున్నాడు. నా ముఖంలోకి కాసేపు చూశాడు. "అట్లనా. ఉప్పేసిందా. మంచిగ చేసింది" అన్నాడు.

అంతే అక్కా. ఆ పూటే వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నా కంచంలో తిన్నాడు. కూరలో ఉప్పు లేదని పేరు కూడా పెట్టాడు. అనుమానం పిశాచం వంటిదనీ, దాన్ని వదిలించడానికి చిటికెడు ఉప్పు చాలనీ లోకానికి నిరూపించాను.

ఇక నువ్వు మామూలు పొడుగు ఉత్తరాలు రాయవచ్చు.

రాజేశ్వర్


బోధన్,
12 జనవరి 1971.

తమ్మీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అబద్ధం ఆడాల్సిన పని కూడా నాకు లేకుండా చేశావు. నేను ఊరుకుంటే చాలు, అంతా సర్దుకుపోయేది. మూడు రోజులు ఊరుకుని చూశాను.

నేను ఉప్పు వెయ్యలేదు.

ఎనిమిది రోజులు ఆగాలని నాకు తెలుసు. దొడ్డుప్పు తెప్పించి కుండలో పెట్టుకున్నాను. ఆ రోజు దాని దగ్గరికి పోనే లేదు. అతను పోయాక, కూర్చున్న చోటు చూశాను. ఏమీ లేదు అక్కడ. మెతుకు పడలేదు, తొక్కు చుక్క పడలేదు, అంత పద్ధతిగా తిన్నాడు. కంచం తీశాను. కంచంతో పాటు జంపఖానాను కూడా తీశాను. నల్లా కింద వేసి, నీళ్ళు తిప్పాక గాని నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. తెలిశాక కూడా ఆపలేదు. తడిసింది కదా, ఇక ఆపి ఏం లాభం అనుకున్నాను.

మన వేల్పూరు ఇంట్లో అవ్వ చేసేది నీకు గుర్తుందో లేదో. మనవాళ్ళు కానివాళ్ళెవరైనా వచ్చి కూర్చుని పోతే చాపను బావి దగ్గరికి తీసుకుపోయేది. నేను బొక్కెనతో నీళ్ళు పోసేదాన్ని. అప్పుడు నాకు ఆరేడేళ్ళు, అదొక ఆట. ఆ ఆట నేను మరిచిపోయాను తమ్మీ. చెయ్యి మరిచిపోలేదు.

అత్త మీద అనుమానపడ్డావు. అత్త వెనక గడపలో నుంచి నన్ను చూసింది. "పొద్దున పరిచినం, పగటికే పిండుతున్నవ్. పిల్ల పోసిందా" అని అడిగింది. అవునన్నాను. "తిన్నప్పటి సంది నా ఒళ్లనే పండుకున్నది గదనే" అంది. అంతే, లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఆ మాట ఎత్తలేదు. గలీచాతో మనుషుల్ని ఆపినందుకు నేను ఏ అత్తను చూసి ముక్కు విరిచానో, ఆ అత్త ముందే దొరికిపోయాను.

ఇంకొకటి. ఉప్పు లేకపోవడం వల్ల ఎర్ర చారలు కరిగాయి. నీళ్ళు ఎర్రగా మోరీ వెంట గేటు దాకా పోయాయి. ఆరాక చూస్తే తెల్ల చారలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. అయ్యూబ్ మగ్గం ఇంట్లో పుట్టినవాడు. ఆ ఎర్ర నీళ్ళు దాటుకుని వచ్చి మఫ్లర్ తీసుకుపోయాడు. అటువంటివాడితో నువ్వు ఉప్పు అన్నావు. "ఉప్పేసిందా, మంచిగ చేసింది" అన్నాడని ఎంత సంబరంగా రాశావు. ఆ వాక్యం దగ్గర కాగితం మడిచి పక్కన పెట్టాను. అతనికి తెలుసు. తెలిసే నీ కంచంలో తిన్నాడు.

ఈ ఉత్తరం అతనికి చూపించు. నువ్వు చూపించకపోతే నేనే రాస్తాను.

అక్క


నిజామాబాద్,
18 జనవరి 1971.

అక్కకు,

ఈసారి పైన ఏం రాయాలో తోచలేదు.

ఇన్ని ఉత్తరాల్లో దిగ్భ్రాంతి, నిర్ఘాంతం అని రాసుకుంటూ వచ్చాను. అవన్నీ వేషాలు. నీ ఉత్తరం చదివాక గదిలో కూర్చోలేక బయటికి పోయాను, బయట ఎటు పోవాలో తెలియక మళ్ళీ గదికి వచ్చాను. నీ మీద చాలా కోపం వచ్చింది. నువ్వు చేసిన పనికి కాదేమో, రాసినందుకు. అంతా బాగైందని నేను నిద్రపోతున్నాను కదా, ఎందుకు లేపావు అని.

తర్వాత నాకు ఒకటి గుర్తొచ్చింది. పోయిన దసరాకు అయ్యూబ్‌ను వేల్పూరు తీసుకుపోయాను. అవ్వ అందరికీ ఇత్తడి గ్లాసుల్లో చాయ ఇచ్చి, వాడికి పింగాణీ కప్పులో ఇచ్చింది. "చూడరా, నీ ఒక్కడికే నవాబు మర్యాద" అన్నాను నేను. వాడు నవ్వాడు. మరునాడు ఆ కప్పు పసుపు కొట్టం చూరులో దోపి ఉండటం చూశాను. చూసి నాకేమీ అనిపించలేదు. కాలేజీకి వచ్చాక దాన్ని కూడా కథ చేసి క్లాసులో చెప్పాను, నవాబు కప్పు చూరెక్కిందని. వాడు పక్కనే కూర్చుని ఉన్నాడు. అందరితో పాటు వాడూ నవ్వాడు. నీ చెయ్యి ఒకసారి చేసింది. నేను నవ్వించి మరీ చేశాను.

ఉత్తరం వాడికి ఇచ్చాను. నిలబడి చదివాడు. అవ్వ చాప సంగతి రాసిన చోటికి వచ్చాక మళ్ళీ మొదటి నుంచి చదివాడు. కాగితం మీది నుంచి తల ఎత్తి అన్నాడు:

"ఎర్ర నీళ్ళు సూసిన. నువ్వు ఉప్పు అన్నప్పుడే అబద్ధమని తెల్సు. నువ్వు గది నమ్మి చెప్తున్నవని గూడ తెల్సింది. గందుకే ఊకున్న. నిన్ను గూడ పోగొట్టుకుంటే నేను సదువుకునేటందుకు గది యాడున్నది."

నేను నవాబు కప్పు సంగతి ఎత్తాను. చేత్తో వద్దన్నాడు. "మీ అక్క రాసింది. నువ్వు గూడ ఎప్పుడన్న రాయి" అన్నాడు. ఇదిగో, నీకే రాశాను. వాడికి రాయడం ఇంకా చేతకాలేదు.

మా అబ్బకు మాత్రం తెలియనియ్యకు అని అడిగాడు. తెల్లది గులాబీ అయిందంటే ఆయన తట్టుకోలేడట, ఎందుకైందో తెలిస్తే మరీ. నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు. మళ్ళీ మీ ఇంటికి వస్తాడో రాడో చెప్పలేను. అడిగే ముఖం నాకు లేదు.

రాజేశ్వర్


బోధన్,
12 ఫిబ్రవరి 1971.

తమ్మీ,

వచ్చారు. ఇద్దరూ వచ్చారు.

బక్రీద్‌కు సాలేహా ఇంటికి వచ్చారట. మొన్న పగలు గేటు చప్పుడైతే చూశాను. ముందు ఇషాక్ చాచా, నాలుగడుగులు వెనక అయ్యూబ్. నేసి ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒకసారి పోయి జంపఖానా ఎట్లా ఉందో చూసుకోవడం చాచాకు అలవాటట. వద్దంటే ఆగలేదని అయ్యూబ్ ముఖం చూస్తేనే తెలిసింది. నేను దాన్ని చుట్టి దాచెయ్యడానికి కూడా వ్యవధి లేదు.

చాచా గడపలోనే ఆగాడు. లోపలికి రాకుండా కింద కూర్చుని, అంచు చేతిలోకి తీసుకుని గులాబీ చారల మీద బొటనవేలు రాశాడు. వేలు చూసుకున్నాడు.

"ఉప్పెయ్యలేదా బేటీ?"

లేదన్నాను.

"ఎన్నో దినం ఉతికినవ్?"

మొదటి రోజే అన్నాను. ఎందుకని అడిగాడు. మీ బావ నా వైపు చూశాడు. ఆయనకు కూడా చెప్పలేదు నేను. అత్త చిన్నదాని జుట్టు దువ్వడం ఆపింది.

అయ్యూబ్ వెనక నుంచి, "చాయ ఒలికింది అబ్బా, నా చేతిలకెల్లి" అన్నాడు.

అతను అట్లా అంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఒక్క క్షణం ఆ మాటను పట్టుకుందామనిపించింది, నిజం చెబుతున్నాను. నీ ఉప్పు తర్వాత నాకు దొరికిన రెండో సందు అది.

"చాయ ఒలకలేదు చాచా" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. ఆ అంచును అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. ఇక ఇంకేమీ అడగడని నాకు అర్థమైంది, ఆయనకు అర్థమైందని కూడా తెలిసింది. అంచు వదలకుండానే అన్నాడు, "ఉప్పు తే బేటీ. పోయింది రాదు. ఉన్న ఎరుపన్న నిలవెడ్దాం."

వంటింట్లోకి పోతుంటే అత్త ఎదురొచ్చింది. ఉప్పు కుండ అప్పటికే ఆమె చేతిలో ఉంది.

తొట్టిలో నీళ్ళు పోసి, చాచా చెప్పినంత ఉప్పు వేసి, నేనూ అయ్యూబూ చెరో కొసా పట్టి ముంచాం. నీళ్ళు ఈసారి ఎర్రబడలేదు. అయ్యూబ్ అది చూసి, నన్ను చూశాడు.

జంపఖానా తొట్టిలో ఉంది కనుక ముందు గదిలో పరచడానికి ఏమీ లేదు. అప్పుడు అత్త మీ బావతో, "ఆత్మారాం, అటక మీది గలీచా దించు. పెద్దమనిషి కూసుంటడు" అంది. విని నేను బిత్తరపోయాను. మీ బావ నా కంటే ఎక్కువ.

చాచా చేతులు తుడుచుకుంటూ, "వద్దమ్మా. గది ఉతకరానిది. మేం కూసున్నంక ఏం జేస్తరు మళ్ల" అన్నాడు.

అటక వైపు కదిలిన మీ బావ అక్కడే ఆగాడు. ఆయన అందర్నీ ఒకసారి చూసి, తానే ముందు నవ్వాడు. మమ్మల్ని క్షమించి నవ్వాడో, ఇక చాలులే అని నవ్వాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ తర్వాత గడప దాటి వచ్చి ఉత్త నేల మీద కూర్చున్నాడు. అయ్యూబ్ కూర్చున్నాడు. నేను కూర్చున్నాను. చివరికి అత్త కూడా మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. చాయ ఇత్తడి గ్లాసుల్లో పోశాను. చిన్నది అందరి మధ్యా పాకి, అందరి బట్టలకూ మసి పూసింది.

పోతూ పోతూ జంపఖానాను ఎండలో వెయ్యొద్దని, నీడన ఆరబెట్టమని చాచా మూడుసార్లు నాతో అప్పజెప్పించాడు. ఆరింది. గులాబీ గులాబీగానే ఉంది.

అయ్యూబ్ మఫ్లర్ మళ్ళీ కొయ్యకే ఉంది. ఈసారి మరిచిపోయాడో, పెట్టి పోయాడో తెలియదు. రెండు రోజులుగా గేటు చప్పుడైతే చూస్తున్నాను. నువ్వు వచ్చినప్పుడు తీసుకుపోతానంటే ఇవ్వను. అతన్నే వచ్చి తీసుకోమను.

అక్క,
గంగుబాయి